అగ్గిపుల్ల కొలత

పర్చూరు,
4 మార్చి 2001

తమ్ముడు శ్రీకృష్ణకు,

అక్కయ్య వెంకటరావమ్మ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావగారు రెండో కోత మిరపకాయలు కల్లంలో పోయించి పగలంతా అక్కడే ఉంటున్నారు. నిన్న ఉన్నట్టుండి మబ్బు పట్టేసరికి ఇల్లు ఇల్లంతా పట్టాలు పట్టుకుని పరిగెత్తాం. తీరా పడింది నాలుగు చినుకులు. నీ మేనకోడలు శ్రీరమ్య మాత్రం ఇంటర్ పుస్తకం ముందు పెట్టుకుని, కిటికీలోంచి మమ్మల్ని చూసి నవ్వుతూ కూర్చుంది.

డ్రైవరు సిలార్ మొన్న మన లారీలో సిమెంటు తెచ్చి దింపి వెళుతూ పొట్లం ఇచ్చాడు. ఏడు టైర్ల కొలత పుల్లలూ ఉన్నాయి. పోయిన నెల వెనక చక్రాల లోపలివి రెండూ తారుమారై, నా టైర్ల లెక్కల పుస్తకంలో అతికించినవి మళ్ళీ పీకాల్సి వచ్చింది. అందుకని మరోసారి రాస్తున్నాను. టైరు గాడిలో అగ్గిపుల్ల నిలబెట్టి, పైకి తేలినచోట గోటితో నొక్కి విరవాలి. గాడిలో మునిగిన ముక్క ఒక్కటే నాకు కావాలి. ఏ టైరుదైతే ఆ టైరు నంబరు రాసిన కాగితంలో చుట్టాలి. అది చూసి ఏ టైరు ఎప్పుడు తీయాలో ఇక్కడినుంచే చెబుతాను. నువ్వు మీ బావగారితో వాటా కలిసి దాచేపల్లిలో బండి చూసుకోవడం మొదలుపెట్టిన నాలుగేళ్ళ నుంచీ చెబుతూనే ఉన్నాను కదా.

ముందు ఎడమ టైరు పుల్ల బియ్యపు గింజంత ఉంది. అది విప్పించి, కొత్త రబ్బరు వేయడానికి రీబటన్ షాపులో ఇవ్వు. దాని స్థానంలో స్టెప్నీ ఎక్కించు. స్టెప్నీ పుల్ల అన్నిటికన్నా పొడుగు. పుస్తకం ప్రకారం అది నడిచింది మూడు వేల నూరు కిలోమీటర్లే. కొత్తదే అనుకో.

ఇంకొక మాట. పొట్లంలో పుల్లలు తప్ప ఇంకేమీ పెట్టొద్దని సిలార్‌తో చెప్పు. స్టెప్నీ పుల్లతో పాటు ఏదో నల్లటి చెత్త చుట్టి పంపాడు. ఊడ్చి పారేశాను.

పండుమిరప పచ్చడి జాడీ అతని చేతే పంపాను. తడి గరిటె పెట్టొద్దని మరదలితో చెప్పు.

మీ మేలు కోరే
అక్కయ్య


దాచేపల్లి,
12 మార్చి 2001

అక్కయ్యకు శ్రీకృష్ణ నమస్కారాలు.

పచ్చడి అందింది. తడి గరిటె పెట్టే అవకాశమే రాలేదు, నాలుగో రోజుకే జాడీ అడుగు కనిపించింది. ఇంట్లో అగ్గిపెట్టెలు మాయమవుతున్నాయని మీ మరదలు నన్ను నిలదీసింది. "ఎప్పుడు మొదలెట్టారు సిగరెట్లు?" అంది. "మా అక్కయ్యకి పంపుతున్నానే" అన్నాను. "ఆవిడ మొదలెట్టిందా?" అంది.

స్టెప్నీ సంగతి సిలార్‌తో చెప్పాను. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి, ఈసారి అడ్డం తిరిగాడు. "పుల్ల గాడిదాకానే చూస్తది బాబుగారూ. టైరు పక్కలు చూడండి, ఎండాకాలం చెరువులాగా నెర్రెలిచ్చింది. వెనక లోపలికైతే వేస్తా, పక్కన ఇంకోటి ఉంటది కాబట్టి. ముందుకి మాత్రం వెయ్యను" అన్నాడు. అమ్మగారికి కూడా పంపానన్నాడు. ఏం పంపావురా అంటే నవ్వి ఊరుకున్నాడు.

నాకు టైర్ల సంగతి అంతగా తెలియదు. ఇంతకీ అది ఏ సంవత్సరం కొన్నది? నేను వాటాకి రాకముందు నుంచీ మీ ఇంట్లో ఉన్నట్టు గుర్తు. పుస్తకం చూసి రాయి. నువ్వెలా చెబితే అలా చేయిస్తాను.

ఇక్కడ ఎండలు అప్పుడే మండుతున్నాయి. ఫ్యాక్టరీ దుమ్ముకి పిల్లవాడికి దగ్గు తగ్గడం లేదు. శొంఠి ఉంటే పంపు.

శ్రీకృష్ణ


పర్చూరు,
19 మార్చి 2001

శ్రీకృష్ణా,

శొంఠి, మిరియాలు కలిపి దంచి పంపుతున్నాను. తేనెతో నాకించండి.

ఏ సంవత్సరం అని అడిగావు. ఏ సంవత్సరమైతే ఏం? టైరు నడిస్తే అరుగుతుంది, కూర్చుంటే అరగదు. మేడ మీద రేకుల కింద గోనెపట్టా చుట్టి నేను పదిలంగా దాచిన టైరు అది. మీ బావగారు ఎన్నిసార్లో "దాన్ని బావి దగ్గర గేదెకి కుడితి తొట్టి చేద్దాం" అని ఎగతాళి చేశారు. దాచినందుకు ఇప్పుడు అక్కరకు వచ్చింది.

ఇవాళ సిలార్ మన ఇంటి ముందే బండి ఆపాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి, "అమ్మగారూ, ఒక్కసారి బయటికి వచ్చి టైరు పక్క చూడండి" అన్నాడు. నేను వసారాలోంచే, "బండి టైరు పక్కతో నడుస్తుందా సిలారూ?" అన్నాను. మిరపకాయలు తొడిమలు తీస్తున్న కూలీలందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "నడవదమ్మా" అని టీ తాగి వెళ్ళిపోయాడు. మంచివాడే. కానీ డ్రైవర్లకి ఎప్పుడూ కొత్త టైరు మీద మోజు. మనం గట్టిగా ఉండాలి.

స్టెప్నీని ముందు ఎడమకి ఎక్కించు. నా మాటగా చెప్పు. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను.

అక్కయ్య


దాచేపల్లి,
18 ఏప్రిల్ 2001

అక్కయ్యా,

మొన్న ఫోనులో మీ పక్కింటివాళ్ళతో అన్నీ చెప్పలేకపోయాను. వివరంగా రాస్తున్నాను.

పదహారో తేదీ మిట్టమధ్యాహ్నం మన బండి మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకి వెళుతూ, పిడుగురాళ్ళ దాటి సత్తెనపల్లి వచ్చేలోపు ముందు ఎడమకి ఎక్కించిన ఆ స్టెప్నీ టైరు పేలింది. రోడ్డుకి ఎడమ పక్క మిరప కల్లం ఉంది. చదును నేల. అటు పోనిచ్చి ఉంటే బండి కాయల్లో దిగబడి ఆగేది. సిలార్ కుడికి కోసి తూము గోడకి కొట్టాడు. క్యాబిన్ కుడివైపు నుజ్జయింది. అతని కుడి మోకాలు పొడైందని, ఇక బండి నడపడం కుదరదని గుంటూరు ఆసుపత్రిలో చెప్పారు. ప్రాణానికి భయం లేదు. టిక్కీ బస్తాలు పగిలి రోడ్డంతా కాయలు. నేను వెళ్ళేసరికి అక్కడ నిలబడ్డవాళ్ళందరూ దగ్గుతున్నారు.

సిలార్ ఏమీ మాట్లాడటం లేదు. వేగంగా వచ్చాడని ఇక్కడ అంటున్నారు. దెబ్బ తగిలిన డ్రైవరుకి మా లారీ ఓనర్ల సంఘం ఆఫీసు తరఫున వైద్యానికి సాయం చేయడం, ఆ తర్వాత లోడ్ల బుకింగ్ బల్ల దగ్గర కూర్చునే పని ఇవ్వడం పద్ధతి. తప్పు డ్రైవరుదైతే రెండూ ఉండవు. అందుకని టైరు సంగతి అడుగుతున్నారు. నీ పుస్తకంలో ఆ టైరు పేజీ నకలు తీసి వెంటనే పంపు. అది చూపిస్తే మన టైరుని ఎవరూ తప్పుపట్టరు.

శ్రీకృష్ణ


పర్చూరు,
22 ఏప్రిల్ 2001

శ్రీకృష్ణా,

నీ ఉత్తరం చేరింది. పేజీ నకలు పంపుతున్నాను. టైరు నంబరు, 1999 జూన్‌లో స్టెప్నీగా ఎక్కించిన తేదీ, నడిచిన దూరం, పుల్ల కొలతలు అన్నీ ఉన్నాయి. కింద సంతకం పెట్టాను.

వేగం సంగతి నిజమేనేమో కనుక్కో. తొందరపడి ఎవరూ ఏమీ అనవద్దు.

సిలార్‌కి అన్నం ఎవరు తెస్తున్నారు? అతనికి ఇద్దరు ఆడపిల్లలని గుర్తు.

ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

అక్కయ్య


దాచేపల్లి,
6 మే 2001

అక్కయ్యకు,

నీ పేజీ నిన్న లారీ ఆఫీసులో అందరి ముందూ చదివాను. నంబర్లు, తేదీలు, అతికించిన పుల్లల బొమ్మలు, పక్కన కొలతలు చూసి ప్రెసిడెంటు గారు ఆశ్చర్యపోయారు. "మీ అక్కయ్యగారి లాంటి మనిషి మన ఆఫీసులో ఒక్కరుంటే చాలు" అన్నారు. మూడు వేల చిల్లర కిలోమీటర్లు నడిచిన టైరు ఊరికే పేలదని, ఎండలో లోడుతో వేగంగా కొట్టడం వల్లే పేలిందని తేల్చారు. అడ్డంగా తూముకి కొట్టడం రెండో తప్పన్నారు. కాబట్టి సిలార్‌కి సాయమూ లేదు, బుకింగ్ పనీ లేదు.

నాకూ బాధగానే ఉంది. ఆసుపత్రికి వెళ్ళి నేనే చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "అమ్మగారికి తెలుసు" అన్నాడు, అంతే. నువ్వు దయగల మనిషివి కదా, నీచేత ఏదో ఒకటి చెప్పించుకోవచ్చని ఆశ కాబోలు.

బండి షెడ్డులో ఉంది. రిపేరు అయ్యాక జక్రయ్య అనే కొత్త డ్రైవరుని పెడుతున్నాను. పుల్లల పద్ధతి అతనికి నేర్పుతాను.

శ్రీకృష్ణ


పర్చూరు,
14 మే 2001

శ్రీకృష్ణా,

నన్ను ఎవరో మెచ్చుకున్నారని ఇంకెప్పుడూ రాయకు.

సిలార్‌కి ఆ బుకింగ్ పని ఇప్పించు. నా మాటగా అడుగు. కారణం అడిగితే అతను ఇన్నేళ్ళు మన దగ్గర నమ్మకంగా పనిచేశాడని చెప్పు. అది చాలదంటే నాకు రాయి.

అతను ఇంకేమైనా అన్నాడా? అన్నమాట అన్నట్టుగా రాయి.

శ్రీరమ్య పరీక్షలు బాగా రాసింది. నిన్న పుస్తకంలో పుల్లలు లెక్కపెడుతూ, "అమ్మా, సిలార్ మామ ఇంక పుల్లలు పంపడా?" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. పాలు అప్పటికే పొంగిపోయి ఉన్నాయి.

అక్కయ్య


దాచేపల్లి,
24 మే 2001

అక్కయ్యకు,

నీ ఉత్తరం చూస్తే నీకు భయం పట్టుకుందని అర్థమైంది. సిలార్ కేసు పెడతాడని, నిన్ను సాక్ష్యానికి లాగుతాడని ఎవరైనా చెప్పారా? అలాంటిదేమీ జరగదు. ముందు జాగ్రత్తగా అతని బావమరిది సుభానీతో కబురు కూడా చేశాను, మా అక్కయ్య ఇంటి గడప తొక్కొద్దని. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక్కడ ఇంకో గొడవ జరిగింది. ఆ కల్లంలో కాయలు ఏరే పున్నమ్మ అనే ఆవిడ ఆఫీసుకి వచ్చి గుమ్మంలో నిలబడి కేకలేసింది. "ఏమయ్యా, ఎడమకి పోనిస్తే బండి బాగుండేదంటగా? ఎడమకి మేం పదకొండు మందిమి ముసుగులేసుకుని వంగి ఉన్నాం. మా మీదికి రావాలా మీ బండి? ఆ డ్రైవరు పిల్లోడు మమ్మల్ని చూసి బండి అటు తిప్పుకున్నాడు. చూసినోళ్ళం మేముండగా, చూడనోళ్ళు తీర్పు చెబుతారా?" అంది. ప్రెసిడెంటు గారు కుర్చీ వేయమన్నా కూర్చోలేదు.

దాంతో తూముకి కొట్టడం తప్పు కాదని అందరూ ఒప్పుకున్నారు. కానీ టైరు పేలడం మాత్రం అతని వేగం వల్లే అంటున్నారు. నీ పేజీ ఉంది కాబట్టి వాళ్ళు అంతకన్నా ఏమనగలరు? ఇప్పుడు అతనికి అడ్డం ఆ ఒక్క కాగితమే.

శ్రీకృష్ణ


పర్చూరు,
2 జూన్ 2001

శ్రీకృష్ణా,

ఈ ఉత్తరం ఒంటరిగా కూర్చుని చదువు. తర్వాత అందరిముందూ చదవాల్సి ఉంటుంది.

నువ్వు మార్చిలో ఏ సంవత్సరం అని అడిగావు. ఆ టైరు 1991 ఆగస్టులో మా పాత లారీకి కొన్నది. ఆ ఏడాదే ఆ బండి అమ్మినప్పుడు ఒక్క టైరు వెనక్కి తీసుకుని మేడ మీద పెట్టించాను. మధ్యాహ్నం దాటితే రేకుల కిందికి ఎండ వాలుతుంది. ఎనిమిది వేసవులు అది ఆ ఎండలో ఉంది. 1999లో కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు పాత పుస్తకంలోంచి అన్నీ దించి, కొన్న సంవత్సరం ఒక్కటే దించలేదు. మరిచిపోయి కాదు. ఎనిమిదేళ్ళ టైరు అని రాస్తే మీ బావగారు మళ్ళీ కుడితి తొట్టి అంటారని. నేను దాచింది వృథా కాలేదని నాకు నేను చూపించుకోవాలని. పాత పుస్తకం పేజీనే చింపి దీనికి జతచేస్తున్నాను. నకలు కాదు.

సిలార్ వేగంగా వెళ్ళి ఉండడు. మన బండి ఏనాడూ వేగంగా నడపలేదు. వేగం సంగతి కనుక్కోమని నీకు రాసిన రోజు కూడా నాకు ఆ మాట తెలుసు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే మూడు రోజులు పట్టింది. స్టెప్నీ పుల్లతో వచ్చింది చెత్త కాదు. టైరు పక్క నుంచి ఊడిన రబ్బరు ముక్క. వేలి గోరంత ఉంటుంది. చేతిలోకి తీసుకుని వంచి చూశాను. రబ్బరు వంగాలి. అది ఎండు మిరపకాయ తొడిమలాగా పుటుక్కున విరిగింది. ఎందుకు పంపాడో నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యే ఊడ్చి పారేసి, నీకు చెత్త అని రాశాను. అతను గేటు దగ్గర నిలబడి పిలిస్తే బయటికి వెళ్ళకపోవడమూ అందుకే. వెళితే చూడాల్సి వస్తుందని. పదిమంది నవ్వేలా ఒక మాట అని పంపేశాను.

"అమ్మగారికి తెలుసు" అన్న మాటకి అర్థం అది తమ్ముడూ. దయ కోసం కాదు.

మొదటి కాగితం ఎక్కడ చదివావో ఇది కూడా అక్కడే, వాళ్ళందరి ముందే చదువు. సుభానీ ద్వారా పంపిన కబురు వెనక్కి తీసుకో. గడప తొక్కే అర్హత లేనిది అతనికి కాదు, నాకు.

వెంకటరావమ్మ


దాచేపల్లి,
15 జూన్ 2001

అక్కయ్యకు,

నువ్వు చెప్పినట్టే నీ ఉత్తరం ముందు ఒంటరిగా కూర్చుని చదివాను. నిన్న ఆఫీసులో చదివాను. పాత పేజీ చేతులు మారింది. పదేళ్ళ టైరు ముందు చక్రానికి ఉంటే దేవుడు నడిపినా పేలుతుందని అందరూ అన్నారు. ప్రెసిడెంటు గారు మొదటి తీర్మానం కొట్టేయించారు. సిలార్‌కి సాయం మొదలైంది. కట్టు విప్పాక బుకింగ్ బల్ల అతనిదే. ఆ మాట నేనే వెళ్ళి చెప్పి, తల వంచుకుని వచ్చాను.

కానీ నీ దగ్గర దాచను. "ఇంకొకటి ఉంది" అన్నచోట ఆపేశాను. ఆ ముక్క సంగతి చదవలేదు. చదవలేకపోయాను. పాతదే గానీ పాడైందని తెలియక పాపం ఆవిడ ఎక్కించమన్నారని అందరూ అనుకున్నారు. సిలార్‌కి రావలసింది వచ్చింది కదా. మిగతాది మనిద్దరి దగ్గరే ఉండనీ. మా అక్కయ్య పేరు లారీ ఆఫీసులో అలా నలగడం నేను చూడలేను. ఈ ఒక్కసారి నా మాట విను.

నీ తమ్ముడు
శ్రీకృష్ణ


పర్చూరు,
1 జూలై 2001

తమ్ముడూ,

నువ్వు సగంలో ఆపింది నా మీద ప్రేమతోనే. కోపం లేదు. చదివినప్పుడు కాసేపు నాకూ హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మిగతా సగం నేనే చెప్పి వచ్చాను. మీ బావగారికి ముందు చెప్పాను. ఆయన విని, "కుడితి తొట్టి అనకుండా ఉండాల్సింది" అన్నారు. ఇద్దరం మొన్న బస్సులో సత్తెనపల్లిలో సిలార్ ఇంటికి వెళ్ళాం. ఆయన బయట వేపచెట్టు కింద సుభానీతో కూర్చున్నారు. సిలార్ మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వాళ్ళావిడ నాకు కుర్చీ తుడిచి వేసింది. టీ తెచ్చింది. ఆ చేతి గ్లాసు అందుకోవడం నాకెంత కష్టమైందో రాయలేను.

ముందు అతనే మాట్లాడాడు. "మీరు రాసి పంపినందుకు పని వచ్చిందమ్మా. నేను మిమ్మల్ని ఏమీ అనుకోలేదు. ఆ రబ్బరు ముక్క పంపానే, అది పొట్లంలోంచి దారిలో ఎక్కడో జారిపోయి ఉంటది. మీరు చూసి ఉంటే ఆ టైరు ఎక్కించమనేవారా? అమ్మగారికి తెలుసనే అనుకున్నా మొదట్లో. ఆసుపత్రిలో పడుకుని ఆలోచిస్తే తోచింది, చూసి ఉండరులే అని. అప్పట్నుంచి నిద్ర పడతా ఉంది" అన్నాడు.

నీ మాట వినాలంటే అక్కడ ఊరుకుంటే సరిపోయేది శ్రీకృష్ణా. అతనికీ నిద్ర, నాకూ నిద్ర.

"జారిపోలేదు సిలారూ. చూశాను. వంచి చూశాను, విరిగింది" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. వాళ్ళావిడ వైపు చూశాడు. ఆవిడ నా గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. టీ ఇంకా సగం ఉంది. అతను దుప్పటి లాక్కుని ఆ మోకాలి మీద కప్పుకున్నాడు. అది నేను చూడకూడదన్నట్టు. తర్వాత, "మిగతా టైర్లు ఏ సంవత్సరానివమ్మా?" అన్నాడు. చెప్పాను. "ముందు కుడిది, వెనక లోపలివి రెండూ తీయించండి. జక్రయ్యకి పిల్లలున్నారు" అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

ఆ మూడు టైర్లూ ఇవాళే విప్పించు. గాడి ఎంత లోతున్నా సరే. పుల్లలు ఇక పంపవద్దు. జక్రయ్య ఏ టైరు వద్దంటే ఆ టైరు తీసేయి, నన్ను అడగకు. పుస్తకం నీకే పంపుతున్నాను. సంవత్సరాల వరస ఎర్ర సిరాతో కొత్తగా గీశాను. 1991 దగ్గర ఖాళీ వదల్లేదు.

అక్కయ్య